నైట్‌హాక్స్ పోస్టర్ కొనే ముందు ఎడమవైపు చూడండి

రాత్రి డ్యూటీలు చేసే రోజుల్లో నా గదికి కొన్న మొదటి బొమ్మ అమెరికన్ చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ వేసిన ‘నైట్‌హాక్స్’ పోస్టరు. అర్ధరాత్రి దాటిన వీధి, వీధి మూల మీద గాజు గోడల హోటలు, లోపల నలుగురు మనుషులు. డ్యూటీ నుంచి వచ్చి షూ విప్పుకుంటూ దాన్ని చూసేవాణ్ణి. ఆ వేళప్పుడు నాతో పాటు మేలుకొని ఉన్నవాళ్లు ఇంకో నలుగురు ఉన్నారనిపించేది. ఏడాదిన్నర అలా చూశాక, ఒకరోజు అసలు బొమ్మ ఉన్న మ్యూజియం, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో దాని ఫొటో తెరిచాను. వీధికి అవతల, చీకట్లో ఉన్న దుకాణం కిటికీలో ఒక క్యాష్ రిజిస్టర్ కనిపించింది. తలెత్తి గోడ మీద నా పోస్టరు చూశాను. అందులో క్యాష్ రిజిస్టర్ లేదు. ఆ కిటికీయే లేదు.

నాది 80×60 సెంటీమీటర్ల పోస్టరు. అసలు బొమ్మ వెడల్పు 152.4 సెంటీమీటర్లు, ఎత్తు 84.1. అంటే ఎత్తుకి దాదాపు 1.81 రెట్లు వెడల్పు. దాన్ని 4:3 ఫ్రేములో పట్టించడానికి పావు వంతుకి పైగా కోసేశారు. కోసింది దాదాపు అంతా ఎడమవైపే. కుడివైపు మనుషులున్నారు కాబట్టి అటు కోస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఎడమవైపు ఉన్నది ఖాళీ వీధే కదా అనుకుని ఉంటారు.

ఈ బొమ్మలో ఒంటరితనమంతా ఆ ఖాళీ వీధిలోనే ఉంది. మనుషులంతా మధ్య నుంచి కుడివైపుకి సర్దుకుని కూర్చున్నారు. ఎడమవైపు మూడో వంతులో ఒక్క మనిషి లేడు, ఒక్క బండి లేదు. మూసేసిన దుకాణాలు, పైన కిటికీలు, పేవ్‌మెంట్ మీద పడిన పల్చటి ఆకుపచ్చ వెలుతురు, అంతే. ఆ వెడల్పు కోసేస్తే మిగిలేది హోటల్లో కాఫీ తాగుతున్న కొందరి బొమ్మ. ఆ తర్వాత నేను రెండు ప్రింట్లు మార్చాను. ఏది ఎంచుకోవాలి, ఎలా ఫ్రేమ్ కట్టించాలి, ఎక్కడ తగిలించాలి అన్న ప్రతిచోటా నాకు ఒకటే లెక్క: ఆ ఖాళీ, ఆ చీకటి చెడకూడదు. ఈ కింద రాసేదంతా ఆ లెక్కతోనే.

కొలత

కొనేముందు చేతిలో టేపు, క్యాలిక్యులేటర్ పెట్టుకోండి. అమ్మేవాళ్లు ఇచ్చిన బొమ్మ వెడల్పుని ఎత్తుతో భాగించండి. 1.8 దరిదాపుల్లో వస్తే బొమ్మ పూర్తిగా ఉన్నట్టు. 60 వెడల్పుకి 33 ఎత్తు, 76కి 42, 91కి 50, 100కి 55, 120కి 66 సెంటీమీటర్లు ఉండాలి. 76×42 అంటే అసలు బొమ్మకి సరిగ్గా సగం. చిన్న గదికి అది చక్కటి కొలత.

ఎక్కువగా దొరికే పోస్టరు సైజు 61×91 సెంటీమీటర్లు. ఇక్కడే జాగ్రత్త. ఈ సైజులో కాగితం అంచుల దాకా బొమ్మ నిండి ఉంటే, కోసేశారని అర్థం. అది 3:2 నిష్పత్తి. అసలు బొమ్మని ఆ నిష్పత్తికి తేవాలంటే వెడల్పులో 26 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఆరో వంతు పోవాలి. అదే కాగితం మీద పైనా కిందా తెల్ల మార్జిన్ వదిలి వేస్తే బొమ్మ పూర్తిగా పడుతుంది. పక్కల 5 సెంటీమీటర్ల చొప్పున వదిలితే బొమ్మ 81×44.7 వస్తుంది, పైనా కిందా 8 చొప్పున మిగులుతుంది. చాలామంది ఆ తెలుపు చూసి కాగితం వృథా అనుకుంటారు. మార్జిన్ ఉన్నదే తీసుకోండి.

కాన్వాస్ ప్రింటు ఆయిల్ పెయింటింగ్‌లా ఉంటుందని ఆశపడేవాళ్లకి ఒక మాట. చెక్క చట్రం చుట్టూ కాన్వాస్ మడిచి బిగించేటప్పుడు నాలుగు వైపులా బొమ్మ అంచు పక్కకి మళ్లిపోతుంది. ఈ బొమ్మలో పై అంచుకి దగ్గరగా ‘ఫిల్లీస్’ సిగార్ సైన్‌బోర్డు ఉంది, ఎడమ అంచులో మన ఖాళీ ఉంది. మడత కోసం అదనపు అంచు విడిగా ఇస్తారా, లేక బొమ్మనే మడిచేస్తారా అని అడిగి తెలుసుకోకుండా ఆర్డర్ పెట్టొద్దు.

రంగులు సరిచూడడం

ఈ పనికి మనకి దొరికిన గొప్ప సాయం హాపర్ భార్య జో. జోసెఫిన్ నివిసన్ హాపర్ తనూ చిత్రకారిణే. ఇద్దరికీ 1924లో పెళ్లయింది. భర్త వేసిన ఒక్కో బొమ్మ గురించి ఆమె లెడ్జర్ పుస్తకాల్లో రాసిపెట్టేది. నైట్‌హాక్స్‌లో ఎర్ర బ్లౌజు అమ్మాయికి మోడల్‌గా నిలబడింది కూడా ఆమే. ఆ లెడ్జర్‌లో ఈ బొమ్మ గురించి రంగు రంగుగా, వస్తువు వస్తువుగా రాసింది. ప్రింటు నాణ్యత చూడ్డానికి అంతకన్నా మంచి పట్టిక నాకు ఎక్కడా దొరకలేదు.

ఆమె గుర్తుపెట్టుకుని రాసిన వరసలోనే చూడండి. చెర్రీ చెక్క కౌంటరు, చుట్టూ స్టూళ్లు: వెచ్చటి ఎర్రగోధుమ రంగు ఉండాలి, నారింజ అయిపోకూడదు. కుడివైపు వెనక మెటల్ ట్యాంకులు, అంటే కాఫీ కాచేవి: వాటి మీద వెలుతురు మెరుపు తెలియాలి, బూడిదరంగు ముద్దల్లా ఉండకూడదు. తర్వాత గాజు కింది అంచు వెంబడి, బొమ్మలో ముప్పావు వంతు దాకా సాగే జేడ్ ఆకుపచ్చ పలకల గీత. నేను ముందు చూసేది దాన్నే. చవక ప్రింట్లలో అది నల్లబడిపోయో, మరీ నీలంగా మారిపోయో ఉంటుంది. మంచి ప్రింటులో ఆ ఆకుపచ్చ తళుక్కుమంటుంది, వీధి మలుపు దగ్గర గాజుతో పాటే వంపు తిరుగుతుంది. ఆ ఒక్క గీత సరిగ్గా ఉంటే మిగతావి కూడా చాలావరకు సరిగ్గానే ఉంటాయి.

వంటగదిలోకి వెళ్లే తలుపు మట్టిపసుపు. దాని చుట్టూ గోడ అంతకన్నా లేత. ఈ రెంటికీ తేడా తెలియకపోతే పసుపు ఎక్కువ కొట్టేశారన్నమాట. అమ్మాయి పక్కన కూర్చున్న కోసు ముక్కు మనిషి టోపీ ఉక్కు బూడిద రంగు, దానికి నల్ల పట్టీ, చొక్కా నీలం. టోపీకీ పట్టీకీ తేడా కనిపించాలి. వీధికి అవతల ఇళ్లు ముదురు ఎర్ర ఇటుకవి. వాటి పై అంతస్తు కిటికీలు నల్లటి ముద్దలో కలిసిపోతే, ముదురు రంగులన్నీ ఒకటైపోయినట్టే.

చీకటి నలుపు కాదు. ఈ బొమ్మలో చీకటి అంటే ముదురు ఆకుపచ్చ, ముదురు ఎరుపు, గోధుమ. దీన్ని బాగా చూస్తే గానీ ప్రింటింగ్ షాపులో ఏం అడగాలో తెలీదు.

సొంతంగా ప్రింటు వేయించుకుంటుంటే ఫైలు సైజు చూసుకోండి. 91 సెంటీమీటర్లంటే దాదాపు 36 అంగుళాలు. అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలంటే వెడల్పు 10,800 పిక్సెళ్లు ఉండాలి. రెండడుగుల దూరం నుంచి చూసేదానికి 200 చాలు, అంటే 7,200. అంతకన్నా బాగా తక్కువుంటే సైన్‌బోర్డు మీది అక్షరాలు, కౌంటరు మీది కప్పులు అలుక్కుపోతాయి. ఫైలుని కంప్యూటర్లో చూసేటప్పుడు బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, నైట్ మోడ్ ఆపేసి చూడండి. స్క్రీన్ వెనక నుంచి వెలుగుతుంది, కాగితం వెలగదు. స్క్రీన్ మీద చక్కగా ఉందని వేయించిన నా రెండో ప్రింటు చేతికొచ్చేసరికి అర్ధరాత్రి కాస్తా అమావాస్య అయింది.

అందుకే మూడోసారి మొత్తం బొమ్మ వేయించకుండా, ముందు రెండు చిన్న ముక్కలు వేయించాను. ఒకటి పలకల గీత వంపు తిరిగే చోటు, రెండోది ఎదురింటి పై కిటికీలు. అరచేయంత ముక్కలు. వాటిని ఇంటికి తెచ్చి, బొమ్మ పెట్టబోయే గోడకే అంటించి, పగలోసారి, రాత్రి లైటు వేసి ఓసారి చూశాను. కిటికీలు కనిపించలేదు. ముదురు రంగుల్ని కాస్త తేలిక చేయించి మళ్లీ ముక్క వేయించాను, ఈసారి కనిపించాయి. ఖర్చు కొద్దిగా పెరుగుతుంది, కానీ పెద్ద ప్రింటు పారేసే బాధ తప్పుతుంది.

ఇంకు పిగ్మెంట్‌దా (సన్నటి రంగు పొడి కలిపింది), డై ఇంకా (రంగు కరిగి ఉండేది) అని అడగండి. పిగ్మెంట్ ఇంకు రంగు చాలా కాలం నిలుస్తుంది. ‘జీక్లే ప్రింటు’ అని పెద్ద పేరు చెబితే కంగారు పడక్కర్లేదు, అది ఇంక్‌జెట్ ప్రింటే. మామూలుగా మంచి కాగితం, పిగ్మెంట్ ఇంకు వాడినదాన్ని అలా అంటారు. ఏ ఇంకు, ఏ కాగితం అన్నది మాత్రం విడిగా అడగాలి. కాగితం యాసిడ్ లేనిది, 200 జీఎస్ఎమ్‌కి (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుందో చెప్పే లెక్క) తగ్గనిది తీసుకోండి. మ్యాట్ కాగితం మీద మెరుపు ఉండదు గానీ నలుపు కొంచెం పల్చబడుతుంది. గ్లాసీ మీద నలుపు లోతుగా వస్తుంది గానీ ఎదురుగా ఏ దీపం ఉన్నా అందులో కనిపిస్తుంది. ఈ బొమ్మకి రెంటికీ మధ్యస్థంగా ఉండే శాటిన్ రకం నాకు నచ్చింది.

ఫ్రేము

చుట్టి వచ్చిన పోస్టరుని వెంటనే ఫ్రేములో పెట్టొద్దు. ట్యూబు గదిలోనే ఒక రోజు ఉండనివ్వండి. తర్వాత చేతులు కడిగి తుడుచుకుని, శుభ్రమైన బల్ల మీద బొమ్మ పైకి ఉండేలా పరిచి, మీద తెల్ల కాగితం కప్పి, పుస్తకాలు బరువు పెట్టి రెండు రోజులు వదిలేయండి. తొందరపడి వెనక్కి చుట్టి సాపు చేద్దామనుకుంటే ముదురు రంగు ఉన్నచోట సన్నటి గీతలు పడతాయి. ఈ బొమ్మలో ముదురు రంగు ఎక్కువ, గీతలు దాగవు.

మౌంట్ బోర్డు అంటే బొమ్మ చుట్టూ వేసే మందపాటి అట్ట. కాగితం అద్దానికి అంటుకోకుండా చూసేది అదే. 6 నుంచి 8 సెంటీమీటర్లు వేయించండి. అచ్చ తెలుపు వద్దు, మీగడ రంగు వేయించండి. తెల్లటి తెలుపు పక్కన పెడితే హోటల్లో వెలుతురు మాసినట్టు కనిపిస్తుంది. ఈ బొమ్మలో అన్నిటికన్నా వెలుగు ఆ హోటల్లోనే ఉండాలి. చట్రానికి సన్నటి నల్ల చెక్కో, ముదురు గోధుమో చాలు. బంగారు రంగు నగిషీలు దీనికి నప్పవు.

ఫ్రేమ్ కట్టే ఆయన దగ్గరికి నా మూడో ప్రింటు తీసుకెళ్లినప్పుడు ఆయన స్కేలు పెట్టి కొలిచి, “సార్, ఎడమవైపు రెండు వేళ్లు కోసేస్తే రెడీమేడ్ ఫ్రేములో పట్టేస్తుంది. ఎవరికీ తెలీదు” అన్నాడు.

“వద్దండీ. నాకు తెలుస్తుంది” అన్నాను. క్యాష్ రిజిస్టర్ మీద వేలు పెట్టి చూపించాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, వంగి, చాలాసేపు చూశాడు. “దుకాణం మొత్తానికి ఇదొక్కటే ఉంచాడు సార్” అన్నాడు. తర్వాత ఇంకేం మాట్లాడకుండా కొలతలు రాసుకున్నాడు. కొలిచి కట్టించే ఫ్రేముకి రేటు ఎక్కువే, ఈ బొమ్మ నిష్పత్తికి వేరే దారి లేదు.

బొమ్మని వెనక అట్టకి అంటించే పద్ధతి తప్పకుండా అడగండి. నా రెండో ప్రింటుని నాలుగు మూలలా డబుల్ సైడ్ టేపుతో హార్డ్‌బోర్డుకి అంటించారు. ఒక్క వానాకాలం గడిచేసరికి కాగితం అలలు తేలింది. గాలిలో తేమని బట్టి కాగితం సాగుతుంది, ముడుచుకుంటుంది. నాలుగు వైపులా బిగిస్తే దానికి సాగే చోటుండదు. పై అంచున మాత్రమే రెండుచోట్ల, పల్చటి జపనీస్ కాగితం ముక్కలతో, గోధుమ పిండి జిగురుతో తగిలిస్తే బొమ్మ స్వేచ్ఛగా వేలాడుతుంది, అవసరమైతే తడిపి ఊడదీయొచ్చు. వెనక అట్ట కూడా యాసిడ్ లేనిదే కావాలి.

అద్దం దగ్గర పిసినారితనం వద్దు. లేత రంగు బొమ్మల మీద మామూలు అద్దం నడుస్తుంది. ముదురు రంగు బొమ్మకి మామూలు అద్దం వేస్తే బొమ్మకి బదులు మన ట్యూబ్‌లైటు, మన ముఖం కనిపిస్తాయి. అదీ సరిగ్గా ఎడమవైపు చీకటి వీధిలోనే. రిఫ్లెక్షన్ తగ్గించే అద్దంగానీ యాక్రిలిక్ (అద్దంలాంటి ప్లాస్టిక్ రేకు) గానీ వేయించండి. రంగు వెలిసేలా చేసే యూవీ కిరణాల్ని ఆపేది దొరికితే ఇంకా మంచిది. యాక్రిలిక్ తేలిక, సులువుగా పగలదు, కానీ దాని మీద గీతలు పడతాయి.

గోడ, మేకులు, లైటు

కిటికీకి ఎదురు గోడ వద్దు. నేరుగా ఎండ పడే గోడ, చెమ్మ దిగే బయటి గోడ, వంటగదిని ఆనుకున్న గోడ వద్దు. బొమ్మకి పక్కన, ముఖ్యంగా ఎడమపక్క, కాస్త ఖాళీ గోడ ఉన్న చోటు చూడండి. నేను మొదట్లో దీన్ని ఇంకో ఐదు చిన్న ఫొటోల మధ్య ఇరికించాను. ఆ మందిలో హోటలు కూడా రద్దీగా కనిపించింది. ఫొటోలన్నీ వేరే గోడకి మార్చాను.

బొమ్మ నడిమి నేల నుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడి చూసేవాళ్లకి సరిపోతుంది. ఎక్కువగా కుర్చీలోంచే చూస్తారంటే ఇంకో 10–15 సెంటీమీటర్లు దించండి. సోఫా పైన గోడకి పెడితే సోఫా పై అంచుకీ ఫ్రేముకీ మధ్య 15–20 సెంటీమీటర్లు వదలండి.

ఒక మేకు మీద తగిలించొద్దు, రెండు కొట్టండి. ఈ బొమ్మ మొత్తం అడ్డగీతల మీద నిలబడి ఉంది: పలకల గీత, కౌంటరు, సైన్‌బోర్డు, ఎదురింటి కిటికీల వరస. వేలెడు పక్కకి ఒరిగినా హోటలు మొత్తం జారిపోతున్నట్టు కనిపిస్తుంది. రెండు మేకుల మధ్య దూరం ఫ్రేము వెడల్పులో సగం ఉండేలా గుర్తుపెట్టి, రసమట్టం పెట్టి చూసి, అప్పుడు డ్రిల్ చేయండి. కింది రెండు మూలల వెనక చిన్న రబ్బరు బిళ్లలు అంటిస్తే గోడకీ బొమ్మకీ మధ్య గాలి ఆడుతుంది.

లైటు గురించి నేను చాలా ప్రయోగాలు చేశాను. హాపర్ ఈ బొమ్మని 1942 జనవరి 21న పూర్తి చేశాడు. ఫ్లోరసెంట్ లైట్లు అప్పుడప్పుడే దుకాణాల్లోకి వస్తున్న కాలం. అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగి ఏడు వారాలు కూడా కాలేదు, న్యూయార్క్‌లో విమానాలు బాంబులేస్తాయన్న భయంతో దీపాలార్పే కసరత్తులు నడుస్తున్నాయి. జో ఎంత టెన్షన్ పడ్డా ఆయన మాత్రం స్టూడియోలో ఈ బొమ్మ ముందునుంచి కదల్లేదు. ఊరంతా చీకట్లో దాక్కోవాలనుకుంటున్నప్పుడు ఆయన గాజుగోడల వెనక అంత వెలుతురు వేశాడు. ఆ వెలుతురు తెల్లటి, నీడల్లేని వెలుతురు. 2700 కెల్విన్ (వెలుతురు రంగుని కొలిచే లెక్క, తక్కువైతే పసుపు, ఎక్కువైతే తెలుపు) పసుపు బల్బు కింద పెడితే ఆకుపచ్చంతా చచ్చిపోయి హాయైన సాయంత్రంలా మారిపోతుంది. 4000 దాటితే గోడ పాలిపోతుంది. 3000–3500 మధ్య, రంగులు సరిగ్గా చూపించే సూచీ, అంటే సీఆర్ఐ, 90కి పైనున్న ఎల్ఈడీ నాకు కుదిరింది. దాన్ని కుడివైపు పై నుంచి, హోటలు మీద పడేలా పెట్టాను. ఎడమవైపుకి వెళ్లేసరికి వెలుతురు దానంతటదే పల్చబడుతుంది. ఏ లైటయినా ఏళ్ల తరబడి పడితే రంగు తగ్గుతుంది కాబట్టి, ఎవరూ చూడనప్పుడు ఆపేయండి.

బొమ్మ తగిలించిన వారానికి అమ్మ వచ్చింది. మంచం మీద కూర్చుని మాత్రలు వేసుకుంటూ, “దీనికి తలుపేదిరా?” అంది.

“వెనక పసుపుగా ఉంది చూడు.”

“అది వంటింట్లోకి. వీధిలోకి ఏది?”

లేదు. వీధిలోకి తలుపు బొమ్మలో ఎక్కడా కనిపించదు. ఆ సంగతి పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను, అమ్మ ఐదు నిమిషాల్లో కనిపెట్టేసింది. “మరి ఆ వీపు తిప్పి కూర్చున్నాయన ఇంటికెలా వెళ్తాడు?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. న్యూయార్క్ గ్రీన్‌విచ్ అవెన్యూలో రెండు వీధులు కలిసేచోట ఉన్న ఒక హోటలు చూసి ఈ ఆలోచన వచ్చిందని, దృశ్యాన్ని బాగా సరళం చేసి హోటలుని పెద్దది చేశానని, బహుశా తెలియకుండానే ఒక మహానగరపు ఒంటరితనాన్ని గీసి ఉంటానని హాపర్ తర్వాత చెప్పాడు. తలుపు గురించి అమ్మకి అదే చెప్పాను. “అవున్లే” అని ఇంకాసేపు చూసింది. మీరూ అంతసేపు చూడగలిగే చోటే దీన్ని పెట్టుకోండి. కుర్చీగానీ మంచంగానీ ఎదురుగా ఉండాలి.

దుమ్ము నెలకోసారి మెత్తటి పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే చాలు. మరక ఉంటే నీళ్లు గుడ్డ మీద చల్లండి, అద్దం మీద వద్దు. అద్దం మీద చల్లిన నీళ్లు కింది అంచులోంచి మౌంట్ బోర్డులోకి దిగుతాయి. యాక్రిలిక్ అయితే అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ ముట్టించొద్దు, పొగబారుతుంది. వానాకాలం అయ్యాక ఒకసారి గోడ మీంచి దించి వెనక అట్ట చేత్తో తడిమి చూడండి. చల్లగా, మెత్తగా తగిలితే రెండు రోజులు ఫ్యాను గాలికి ఆరనిచ్చి మళ్లీ తగిలించండి.